ఏది ఎక్కువ కష్టం, వదినా?

పోయిన వారం శశికళను అద్దం ముందు వదిలిపెట్టాం. మంచం మీద రెండు చీరలు పరిచి ఉన్నాయి. నర్మదా నది చుట్టూ నూట ముప్పై ఎనిమిది రోజులు కాలినడకన తిరిగొచ్చిన మనిషి, ఏ చీర కట్టుకుంటే ఆడపడుచు పక్కన వెలవెలబోకుండా ఉంటానా అని అరగంట నుంచి తేల్చుకోలేకపోతోంది. ఆడపడుచు రశ్మి లద్దాఖ్‌లో ఆరువేల మీటర్ల మంచు శిఖరం ఎక్కి వచ్చి ఇంకా నెల కాలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘం ఇద్దరికీ కలిపి ఆ ఆదివారం అబిడ్స్‌లో సన్మానం పెట్టుకుంది. కలిపి అన్న మాటే శశికళకు ముల్లులా గుచ్చుకుంది.

చివరికి తేనెరంగు నేతచీర కట్టుకుని బయటికొచ్చింది. అప్పటికే ఆటో వచ్చి ఉంది. రశ్మి జీన్స్ ప్యాంటు, తెల్ల కుర్తాతో ఆటోలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఆ పిల్ల అద్దం ముందు రెండు నిమిషాలు కూడా నిలబడి ఉండదు.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటగానే ఆటో ఆగిపోయింది. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగూతా పాత పుస్తకాల గుట్టలు, వాటి మీదికి వంగిన జనం, ఆ జనాన్ని తప్పించుకుంటూ రోడ్డు మీదే నడిచే ఇంకో జనం.

"దిగి నడుద్దాం. నాలుగడుగులే" అన్నాడు శశికళ భర్త విద్యాసాగర్.

రశ్మి చటుక్కున ముందు దిగి అన్న చెయ్యి పట్టుకుంది. "మెల్లగ దిగన్నా. తొందరేం లేదు."

శశికళ వెనక దిగింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన పక్కన రోడ్డు దాటే మనిషి తను. ఇవాళ ముగ్గురిలో మూడో మనిషిలా పుస్తకాల గుట్టల మధ్య నుంచి వెనకాల నడిచింది.

తను ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పుడు రశ్మికి తొమ్మిదేళ్ళు. తల్లి లేని పిల్ల. జడలు వేసింది, ఎక్కాలు నేర్పింది, గల్లీ చివరి దాకా తోడు నడిచి స్కూలు బస్సెక్కించింది. తనకు పిల్లలు కలగలేదు కాబట్టి ఆ ముద్దూ మురిపెమూ అంతా ఆ పిల్లకే ధారపోసింది. ఇప్పుడా పిల్లకు ముప్పై మూడు. బషీర్‌బాగ్‌లో ఒక స్కూల్లో ఆటలు నేర్పే టీచరు. ఆ పిల్లను చూసి తనకు కడుపు మండుతోందని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకోవాల్సిన మనిషి విద్యాసాగరే. ఆయనేమో ఫోన్ తెర మీద ఏడాదిన్నరగా ఉన్న, ఓంకారేశ్వర్ ఘాట్‌లో దిగిన శశికళ ఫొటో తీసేసి, శిఖరం మీద నిలబడ్డ చెల్లెలి ఫొటో పెట్టుకున్నాడు. అడిగితే, "గదింకా కొత్తది కద, శశీ" అన్నాడు మామూలుగా.

హాలు మెట్ల దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో రశ్మి నిలువెత్తున ఉంది. నారింజరంగు జాకెట్టు, నల్లద్దాలు, చేతిలో మంచుగొడ్డలి, వెనక నీలం ఆకాశం. కింద మూలకు గుండ్రంగా కత్తిరించిన శశికళ ముఖం. యాత్ర బయల్దేరిన రోజు పదకొండు మందితో దిగిన ఫొటోలోంచి తీసినట్టున్నారు, పక్క మనిషి చెవి కూడా వచ్చింది.

"నీ ఫొటో మంచిది నేను పంపిన వదినా. గీళ్ళు ఇదెందుకు పెట్టిన్రో" అని రశ్మి నొచ్చుకుంది.

"ఉండనీయ్. నాదేముంది" అంది శశికళ. ఆ మాటలో ఎంత ఉందో రశ్మికి అర్థమైనట్టు లేదు.

పై మెట్టు మీద ఎదురొచ్చిన సునంద వాళ్ళ గల్లీ మనిషే. కిందటేడు శశికళ యాత్ర నుంచి తిరిగొచ్చిన రోజు నాంపల్లి స్టేషన్లో అందరికంటే ముందు కాళ్ళకు దండం పెట్టింది ఆమే. ఇప్పుడు శశికళ భుజం మీదుగా చెయ్యి చాపి, "రశ్మీ, జర ఇటు రా, మా కోడలికి పంపాలె, ఒక్క ఫొటో!" అంది. శశికళ పక్కకు జరిగి దారిచ్చింది. ఫొటోలో పడకుండా జరిగిందని ఎవరికీ పట్టలేదు.

సంఘం అధ్యక్షుడు అమరేశ్వరరావు రిటైరైన లెక్చరరు. మైకు దొరికితే ఇంకా క్లాసులోనే ఉన్నాననుకుంటాడు. హాల్లో నూటయాభై మంది దాకా ఉన్నారు. వదినామరదళ్ళను వేదిక మీద పక్కపక్కన కూర్చోబెట్టి, దండలు వేయించి, గొంతు సవరించుకున్నాడు.

"ఒకరు నెలల తరబడి నడిచారు. ఒకరు ఆకాశానికి నిచ్చెన వేశారు. మా వాకర్లందరిదీ ఒకటే ప్రశ్న. దీర్ఘయాత్రా, శిఖరమా, ఏది ఎక్కువ కష్టం? మొగమాటం లేకుండా చెప్పాలి. ముందు శశికళ గారు!"

శశికళ లేచింది. కిందటేడు నుంచి ఎన్నో చోట్ల చెప్పిన మాటలే కనుక తడుముకోలేదు. రోజుకు ఇరవై, ఇరవై ఐదు కిలోమీటర్లు. నదిని కుడిచేతి వైపు ఉంచుకోవాలి, ఎక్కడా దాటకూడదు. ఊళ్ళో ఎవరు పెడితే అది తినాలి, ఏ వరండాలో చోటిస్తే అక్కడ పడుకోవాలి. పొక్కులు చితికి చెప్పులకు అంటుకుపోతే నీళ్ళతో తడిపి ఊడదీసుకోవాలి. మాఘమాసం చలిలో చేతులు కొంకర్లు పోతాయి, ఫాల్గుణం వచ్చేసరికి అదే ఇసుక కాళ్ళను కాల్చుతుంది.

"శరీరం నెలరోజులల్ల అలవాటు పడుతది. అలవాటు కానిది మనసు. రోజూ పొద్దున లేవంగనే ఇంకా ఎంత దూరముందో యాదికొస్తది. లేచి నడువుమని నిన్ను అడిగేటోళ్ళు ఎవ్వరుండరు. ఇంటికి పోతానంటే ఆపేటోళ్ళు కూడ ఉండరు. నూట ముప్పై ఎనిమిది పొద్దులు నాకు నేనే చెప్పుకొని లేచిన."

బాగానే చెప్పింది. కిందటేడు ఈ మాట దగ్గర ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఇవాళ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఇద్దరు మాత్రం ఫోన్ చూసుకుంటూ ఒక చేత్తో తొడ మీద కొట్టారు. శశికళ ఆ ఇద్దరినీ లెక్కపెట్టుకుంది.

రశ్మి లేవగానే ఫోన్లన్నీ పైకి లేచాయి.

"వదిన అంత మంచిగ నాకు చెప్ప రాదు" అని మొదలుపెట్టింది. మనాలీలో నెలరోజులు కొండలెక్కే కోర్సు చేయడం, ఏడాది పాటు పదిహేను కిలోల సంచి వీపున వేసుకుని గార్డెన్స్ చుట్టూ తిరగడం, గాలి పలచబడే కొద్దీ రెండడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకోవడం, అన్నీ నవ్విస్తూనే చెప్పింది. ఆఖరి రోజు పద్నాలుగు గంటల ఎక్కుడూ దిగుడూ. గోడలాంటి మంచు మీద బూట్లకు కట్టిన ఇనప ముళ్ళు దిగ్గొట్టి, తాడుకు తగిలించుకున్న పట్టును ఒక్కొక్క జానెడు పైకి జరుపుకుంటూ పోవాలి.

"ఏది కష్టమంటే, రెండు వేరే వేరే కష్టాలు సార్. నాది పన్నెండు రోజులు, వదినది నాలుగున్నర నెలలు. గన్ని రోజులు ఓపిక పట్టుడు నాతోని కాదు. మూడో రోజుకే నాకు ఇల్లు యాదికొచ్చింది." అందరూ నవ్వారు. "అయితే ఒక్కటే తేడా. నడకల తప్పు చేస్తే తెల్లారి సరిచేసుకోవచ్చు. మా దాంట్ల తప్పు చేస్తే తెల్లారుడే ఉండదు."

చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో ఆ ఇద్దరూ ఫోన్లు ఒళ్ళో పడేసి రెండు చేతులతో కొట్టారు. విద్యాసాగర్ కూడా కొట్టాడు, ముఖం వెలిగిపోతుంటే.

తప్పు చేస్తే తెల్లారి సరిచేసుకోవచ్చు! ఆ మాట శశికళను తిన్నగా తగలరాని చోట తగిలింది. ఆమె లేచి మైకు దగ్గరకు వెళ్ళింది. అమరేశ్వరరావు ఇస్తే తీసుకున్నది కాదు, తనే లాక్కుంది.

"సరిచేసుకునేటందుకు తప్పు చేసుండాలె కద?" అంది. గొంతు తనది కాదన్నట్టు పలికింది. "నూట ముప్పై ఎనిమిది రోజులల్ల ఒక్క అడుగు దూరం కూడ నేను బండెక్కలే. నా సంచి నేనే మోసిన, నా పొట్టకు నేనే అడుక్కున్న. ముందుగాల పోయి తాడు కట్టేటోళ్ళు, వెనక టెంటు మోసేటోళ్ళు, ఛాయ్ పెట్టిచ్చేటోళ్ళు నాకు లేరు. రశ్మిని తాడు ఎక్కిచ్చింది. నన్ను నా కాళ్ళే తిప్పినయి."

రశ్మి ముఖంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉంది గాని, దాని వెనక మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయినట్టయింది.

అన్నది అయిపోయింది. కుర్చీలో కూర్చున్నాక గాని తను ఏమన్నదో శశికళకు తెలియలేదు. ఆడపడుచును అన్న మాట సంగతి తర్వాత. అంతకు ముందన్న మాట అబద్ధం.

ఇన్నాళ్ళూ ఆ అబద్ధం ఆమె నోటితో ఆడలేదు. ఎవరో "మొత్తం నడిచిన్రా?" అని అడిగితే నవ్వి ఊరుకునేది. జరిగిందేమిటంటే, బయల్దేరిన పంతొమ్మిదో రోజున, శూల్పాణి అడవి మొదట్లో, ఆమెకు ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. తోటి యాత్రికుడు బీరయ్య, సిద్దిపేట మనిషి, ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, దారిన పోతున్న జీపును ఆపి ఆమెను ఎక్కించాడు. నలభై కిలోమీటర్ల అవతల ఒక ఆశ్రమంలో దించి, చిన్న దవాఖానలో సూదిమందు వేయించాడు. అంతవరకు ఆమె తప్పు ఏమీ లేదు. ఆమె సోయిలో లేదు.

తప్పు తర్వాత జరిగింది. బీరయ్య మర్నాడే వెనక్కి వెళ్ళి, జీపు ఎక్కిన చోట నుంచి ఆ నలభై కిలోమీటర్లూ ఒంటరిగా నడిచి మూడో రోజు సాయంత్రానికి ఆశ్రమం చేరాడు. అప్పటికి ఆమె లేచి తిరుగుతోంది. "ఏమంటవు చెల్లె? జ్వరం తగ్గింది కద. నువ్వు కూడ పోయి రా, నేను మళ్ళ తోడొస్త" అన్నాడు. అప్పటికే నడిచి ఆశ్రమం చేరుకున్న జట్టు మర్నాడు పొద్దున బయల్దేరుతోంది. వెనకబడితే మళ్ళీ కలుసుకోగలనా అని ఆమెకు భయమేసింది. వద్దు, ముందుకే పోదామంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఊరికే చేసిన నడకైతే నలభై ఏమిటి, నాలుగు వందలు పోయినా పట్టించుకోనక్కర్లేదు. కాని ఇది మొక్కు. మూడేళ్ళ కింద విద్యాసాగర్‌ను గుండె ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయినప్పుడు, దవాఖాన వరండాలో పక్కన కూర్చున్న ఒక మరాఠీ ముసలమ్మ తన నర్మద నడక గురించి చెబుతూ ఉంటే, ఆమె కళ్ళు మూసుకుని మొక్కుకుంది. ఈ మనిషి లేచి తిరిగితే నర్మదమ్మ చుట్టూ ఒక్క అడుగు విడవకుండా నడుస్తానని. ఆయన లేచి తిరిగాడు. "నా ప్రాణం మా శశి కాళ్ళల్ల ఉంది" అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు.

రశ్మి మైకు అందుకుంది. ఏడుస్తుందేమో, మాటకు మాట అంటుందేమో అని శశికళ ఎదురు చూసింది. నిజానికి అనాలనే కోరుకుంది.

"వదిన చెప్పింది నిజమే" అంది రశ్మి. "తాడే ఎక్కిచ్చింది. ఆ తాడు కట్టినాయన పేరు స్టాన్‌జిన్. నాకంటే ముందు పోయి ఒక్కొక్క మేకు దిగ్గొట్టి వచ్చిండు. ఆయన ఫొటో ఫ్లెక్సీ మీద లేదు. ఉండాల్సింది. వంట చేసినామె పద్మా. వాళ్ళిద్దరు లేకుంటే నేను లేను. వాళ్ళకొకసారి చప్పట్లు కొట్టుండ్రి."

ఈసారి జనం లేచి నిలబడి కొట్టారు. శశికళ కూడా కొట్టక తప్పలేదు. తను రాయి విసిరితే ఆ పిల్ల దాన్ని కూడా పూలదండ చేసి మెడలో వేసుకుంది. ఎక్కడ నేర్చుకుంది ఇదంతా? తను నేర్పింది మాత్రం కాదు.

"ఇంకొకటి సార్" అంది రశ్మి. ఈసారి గొంతు కొంచెం తడబడింది. "వదినకు చెప్పకుండ ఒకాయనను పిలిచిన. ఇది ముందుగాల అనుకున్నదే. వదినతోని నర్మద తిరిగిన బీరయ్య గారు సిద్దిపేట నుంచి వచ్చిన్రు."

అయిదో వరసలోంచి తెల్లపంచె, ఖాకీ చొక్కా మనిషి లేచి నిలబడ్డాడు. ఆయన మొదటి నుంచీ అక్కడే కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"నర్మదే హర్!" అన్నాడు బీరయ్య వేదిక ఎక్కి, నర్మద యాత్రికుల పద్ధతిలో అందరికీ దండం పెడుతూ. శశికళ వైపు తిరిగి, "మంచిగున్నవా చెల్లె?" అన్నాడు. ఆమె తలూపింది.

అమరేశ్వరరావుకు సంబరం ఆగలేదు. "సాక్షి కూడా వచ్చేశారు! బీరయ్య గారూ, మీరే చెప్పండి. శశికళ గారు అన్నట్టు ఒక్క అడుగు కూడా బండి ఎక్కకుండా మొత్తం నడిచారా?"

బీరయ్య తల తిప్పి చూశాడు. శశికళ వైపు కాదు. రశ్మి వైపు చూశాడు. రశ్మి కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆమె పడ్డ కష్టం నేను కండ్లార చూసిన సారు" అన్నాడు బీరయ్య. "కాళ్ళల్ల నెత్తురు కారంగ నడిచింది. గంతకంటే నాకు మాటలు రావు."

చప్పట్లు. అమరేశ్వరరావు శాలువా కప్పుతూ, వచ్చే నెల సంఘం వార్షికోత్సవంలో ఆమెకు 'సంపూర్ణ పాద పరిక్రమ' అని చెక్కించిన రాగిరేకు ఇస్తామని ప్రకటించాడు. శశికళకు ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించాయి. కళ్ళ ముందు మాత్రం రశ్మి తల ఊపిన తీరే ఆడుతోంది.

సభ అయ్యాక జనం టీల దగ్గర మూగారు. శశికళ రశ్మి చెయ్యి పట్టుకుని వెనకవైపు మెట్ల మీదికి లాక్కుపోయింది. కింద సందులో ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు.

"నీకు తెలుసు" అంది.

రశ్మి దాచలేదు. "తెలుసు వదినా."

"ఎప్పటి సంది?"

"పదిహేను రోజులైంది. ఆయనను పిలుద్దామని ఫోన్ చేసిన. మాటల మాటల జీపు సంగతి చెప్పిండు. మనింట్ల అందరికి తెలుసనుకున్నడు పాపం. ఎవ్వరికి చెప్పకుండ్రి, మా అన్నకైతే అస్సలు చెప్పకుండ్రి అని నేనే అన్న."

"ఎందుకన్నవ్?"

"ఎందుకేంది వదినా?"

"అందరి ముందర నా పరువు తీస్తే అయిపోతుండె కద! మైకు నీ చేతిలనే ఉండె. నేను నిన్ను గంత మాటన్న. నువ్వేమో నన్ను కాపాడుతున్నవ్. నీ దయ మీద నేను బతుకాల్నా? పొయ్యి మీది అన్నం ఎట్ల దించాల్నో నేర్పింది నేను నీకు!"

రశ్మి ఇంతసేపూ నిలబెట్టుకున్న ముఖం అప్పుడు చెదిరింది.

"దయనా? నాకు అంత దయ లేదు వదినా. నిజం చెప్పాల్నా? నీ మీద నాకు మస్తు కుళ్ళు ఉండె."

శశికళ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"నువ్వు నడుస్తున్న నాలుగున్నర నెలలు అన్న గోడకు మ్యాపు పెట్టుకొని రోజూ గుండుసూది జరిపేటోడు. నేను స్కూల్ల పిల్లలను స్టేట్ మీట్‌కు తీస్కపోయిన, కప్పు గెల్చినం. ఇంటికొచ్చి చెప్తే, 'మంచిది, ఇవాళ మీ వదిన బడవానీ దాటిందంట' అన్నడు. నువ్వు తిరిగొచ్చిన రోజు స్టేషన్ల గా గుంపుల నేను ఎక్కడ్నో వెనక నిలవడ్డ. అందరు నీ కాళ్ళు మొక్కుతున్నరు. అప్పుడే అనుకున్న, నేను కూడ ఏదన్న ఒకటి ఎక్కాలె అని. గా కొండ నేను ఎక్కింది దేవుని కోసం కాదు, దేశం కోసం కాదు. నీ మీద కోపానికి."

ఆ మాట విన్నప్పుడు శశికళకు కలిగింది జాలి కాదు. సంతోషం. వెచ్చటి, సిగ్గులేని సంతోషం ఛాతీ నిండా పాకింది. ఈ పిల్ల కూడా తనను చూసి ఏడ్చింది! ఏడాదిపాటు సంచి మోసి, మంచులో కాలివేళ్ళు నల్లబడేదాకా ఎక్కింది తన వల్లే! ఒక్క క్షణం ఆమె ఆ మంచు శిఖరం కంటే ఎత్తున నిలబడ్డట్టనిపించింది. మరుక్షణం రశ్మి ముక్కు ఎగబీలుస్తూ చేతి వెనకతో తుడుచుకుంది, అచ్చం తొమ్మిదేళ్ళప్పుడు తుడుచుకున్నట్టే. శశికళ చెయ్యి తనకు తెలియకుండానే కొంగు అందించింది.

"రేపు చెప్దువు అన్నకు" అంది రశ్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "నీ నోటితోనే చెప్పు. గా రాగిరేకు తీస్కోకు వదినా. అది తీస్కుంటే నీకు నిద్ర పట్టదు."

"ఎట్ల చెప్పాలె? తన పానమే నా నడక మీద ఉందని నమ్మిన మనిషికి ఎట్ల చెప్పాలె రశ్మీ, నలభై కిలోమీటర్లు నేను..."

"నలభయ్యా?"

పై మెట్ల మలుపులో విద్యాసాగర్ నిలబడి ఉన్నాడు. రెండు టీ కప్పులు రెండు చేతుల్లో ఉన్నాయి. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు, టీ మీద మీగడ కట్టేసింది.

ఆయన గోడకు భుజం ఆనించుకుంటూ ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చి, కప్పులు కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. కోపం వస్తే కేకలేసే మనిషి. కేకలేస్తే బాగుండునని శశికళ అనుకుంది.

"యాడి నుంచి యాడికి?" అని అడిగాడు.

చెప్పింది. జ్వరం సంగతి, జీపు సంగతి, బీరయ్య వెనక్కి వెళ్ళి నడిచిన సంగతి. తను వెళ్ళనన్న సంగతి కూడా దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఆమె కాళ్ళ వైపే చూస్తున్నాడు.

"భయమైందా?"

"అయింది. మీరు లేరు, ఇల్లు లేదు, జట్టు కూడ పోయినంక గా అడవిల మళ్ళ జ్వరమొస్తే..." అప్పటి భయం ఇప్పుడు ఏడుపుగా వచ్చింది.

విద్యాసాగర్ చెయ్యి చాపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మనిషికి జ్వరం వస్తది శశీ. గది తప్పెట్లయితది? కాని మైకుల అబద్ధం ఎందుకు ఆడినవ్? చిన్నపిల్లను పట్టుకొని గట్ల ఎందుకన్నవ్?"

మీ ఫోన్ మీద ఆ ఫొటో చూసి అని చెప్పాలనుకుంది. నలభై ఆరేళ్ళ ఆడమనిషి చెప్పుకునే కారణమా అది?

"పోనీయ్. అయిందేదో అయింది" అన్నాడు ఆయన. "గా నలభై మిగిలిపోయినయి. మిగిలింది నడిచేస్తే సరిపాయె. నడక మొదలయ్యేది కార్తీకంల కద, ఇంకెన్ని రోజులుంది? బీరయ్య గారినే దారి అడుగుదాం. నువ్వొక్కదానివి వద్దు. ఈసారి నేనొస్త. నా పానానికి మొక్కిన మొక్కు నేను కూడ తీర్చుకుంట."

శశికళ తల ఎత్తింది. ఏడాదిన్నరగా ఛాతీ మీద ఉన్న బండరాయిని ఎవరో ఒక చేత్తో తీసి పక్కన పెట్టినట్టయింది. ఇద్దరూ కలిసి, నదిని కుడివైపు ఉంచుకుని, ఆ అడవి దారిలో నడవడం. అక్కడ రశ్మి ఉండదు, తాడు ఉండదు, ఫొటోలు ఉండవు. ఆయన, తను, అంతే. ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అన్నా!" రశ్మి గొంతు అప్పటిదాకా ఎన్నడూ విననంత కటువుగా ఉంది. "నీకేమన్న పిచ్చా? గా అడవిల, గా కొండలల్ల నువ్వు నడుస్తవా? మొన్న డాక్టరు ఏం చెప్పిండో అప్పుడే మర్చిపోయినవా?"

అన్నాక నాలుక కరుచుకుంది.

శశికళ చేతిలో విద్యాసాగర్ చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. మొన్నంటే ఎప్పుడు? ఈయన దవాఖానకు పోయింది ఎప్పుడు? వారం కింద ఆఫీసులో ఆడిటింగు ఉందని పొద్దు గూకాక వచ్చాడే, ఆ రోజా? అదే రోజు రశ్మి స్కూలుకు సెలవు పెట్టిందని సునంద ఏదో అన్నది. అప్పుడు చెవిన పెట్టలేదు.

"ఏం చెప్పిండు డాక్టరు?" అని అడిగింది.

రశ్మి వంగి చల్లారిన టీ కప్పులు తీసింది.

"ఏమండీ, మిమ్మల్నే. ఏం చెప్పిండు?"

విద్యాసాగర్ తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా తల ఎత్తి, పక్కనే కూర్చున్న భార్య వైపు కాకుండా, ఎదురుగా నిలబడ్డ చెల్లెలి వైపు చూశాడు. చెప్పమంటావా అని అడుగుతున్నట్టుగా.